మా ఆవిడ బూట్లు, చీపురుపుల్ల కొలత

రఘునాథపల్లిలో మా ఇంటికి చెప్పులు కొనేది నాన్న ఒక్కడే. ఆయన వరంగల్ పోయే రోజు పొద్దున్నే అమ్మ చీపురులోంచి ఒక పుల్ల పీకి, ఒక కొస మడమ దగ్గర పెట్టి, బొటనవేలి దగ్గర విరిచి ఆయన చేతికిచ్చేది. ఆ పుల్ల నాన్న చొక్కా జేబులో బీడీకట్ట పక్కన కూర్చుని, బస్సెక్కి, బజారంతా తిరిగి, వరంగల్ చూసి వచ్చేది. అమ్మ కాళ్ళు మాత్రం వాకిట్లోనే ఉండేవి.

సాయంత్రానికి చెప్పులు వచ్చేవి. పొడవు సరిగ్గా సరిపోయేది. పొడవు తప్ప ఇంకేదీ సరిపోయేది కాదు. పట్టీ బిగుతుగా ఉంటే, వాడంగ వాడంగ సాగుతదిలే అనేవాడు నాన్న. వదులుగా ఉంటే, కాలు ఉబ్బినప్పుడు పనికొస్తదిలే అనేవాడు. ఇంత గొప్ప సేల్స్‌మన్ మళ్ళీ పుట్టడనుకున్నాను, ఈ ఏడాది హన్మకొండ చెప్పుల షోరూములు చూసేదాకా.

నేను ఎనిమిదో తరగతిలో బడి మానేసి బండ్ల సీట్లకు కవర్లు కుట్టే పనిలో చేరాను. ఇప్పుడు హన్మకొండలో సొంత దుకాణం ఉంది. నాకొచ్చిన చదువంతా ఒక్క ముక్క: ఏ బండికి సీటు కుట్టాలో ఆ బండి నా ముందుకొచ్చి నిలబడాలి. బండిని ఇంట్లో పెట్టి, పుల్ల పట్టుకొచ్చి, ఇంత పొడుగుందన్నా జర కుట్టియ్యి అంటే నేను కుట్టను. నేనే కాదు, ఎవరూ కుట్టరు. పాత స్కూటరుకు దొరికే ఈ మర్యాద మా అమ్మ కాలికి ఏనాడూ దొరకలేదని నాకు చాలా ఆలస్యంగా తట్టింది. తట్టిన నాటి నుంచి కోపంగానే ఉన్నాను. ఆ సంగతి ఎట్లా తట్టిందో చెబుతాను.

డాక్టరు నడవమన్నది నన్ను. నడవడం మొదలుపెట్టింది మా ఆవిడ. నన్ను లేపడానికి లేచి, నేను లేవకపోతే తనే సుబేదారి గ్రౌండుకు పోయి, అక్కడ పొద్దున నడిచే బృందంలో కలిసిపోయింది. అందులో ఎక్కువమంది రిటైరైన ఉద్యోగులు. వాళ్ళకు నాయకుడు ఒక పెద్దసారు. మెడలో విజిల్, నెత్తిన టోపీ, నోట్లో ఎప్పుడూ సలహా. ఆదివారాలు చుట్టుపక్కల గుట్టలెక్కేవాళ్ళు. మా ఆవిడ హవాయి చెప్పులతో అందరికన్నా ముందు పైకి చేరి, కింద ఆయాసపడుతున్న సార్లను చూసి నవ్వేదట.

ఈ చలికాలం వాళ్ళు ములుగు దాటి అడవి గుట్టల్లో మూడు రోజుల నడక పెట్టుకున్నారు. ఎవరి సంచి వాళ్ళే మోసుకోవాలి. మా ఆవిడ ఇల్లు దాటి పోయిందంటే ఎవరిదో పెళ్ళి అయి ఉండాలి, లేదా ఎవరో దవాఖానలో ఉండాలి. తన కోసం తాను ఒక్కసారీ ఎక్కడికీ పోలేదు. ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ, అడగడంలా కాకుండా చెప్పడంలా, నేను పోతున్న అంది. నేను సరే అనేలోపే పప్పు గిన్నె తీసుకుని లోపలికి పోయింది. సరే అన్నా కాదన్నా ఆమెకు తేడా లేదని అర్థమైంది.

అడ్డం పడింది నేను కాదు, పెద్దసారు పెట్టిన రూలు. పోయినసారి ఎవరికో రాళ్ళలో చీలమండ మెలిక పడిందట. అందుకని ఈసారి చీలమండ దాటి పైకొచ్చే గట్టి బూట్లు లేనివాళ్ళు ఇంటి దగ్గరే ఉండాలన్నాడు. రూలు తప్పని నేను అనను. అయితే రూలు పెట్టేవాళ్ళు, ఆ బూటు ఆడవాళ్ళ సైజులో ఈ ఊళ్ళో ఎక్కడ దొరుకుతుందో కూడా చెబితే బాగుండేది.

మొదటి షోరూముకు ఇద్దరం కలిసి పోయాం. ఏసీ, అద్దాలు, సన్నని పాటలు. సేల్స్‌మన్ పిల్లవాడు తిన్నగా నా దగ్గరికొచ్చి, సార్ ఏం సైజు అన్నాడు. కాళ్ళు ఆమెవి అన్నాను. ఓహో మేడంకా సార్, ఏ రేంజిలో చూపించమంటారు అని మళ్ళీ నన్నే అడిగాడు. ఆమె చెప్పులు విడిచి, స్టూలు మీద కూర్చుని, కాళ్ళు ముందుకు చాపి ఉంది. ఆ కాళ్ళు వాడికి కనిపించలేదు. నా జేబు కనిపించింది.

లేడీస్‌లో గుట్టలెక్కే బూట్లు రావు సార్, వాకింగ్‌వి ఉన్నాయని ఒక గులాబీ రంగు జత తెచ్చాడు. పైన దోమతెర, కింద స్పాంజి. నేను మునివేళ్ళతో కొంచెం వంచితే రెండుగా మడిచిన దోసెలా అయింది. అడవిలో ముళ్ళు ఆడకాలు వచ్చిందని పక్కకు తప్పుకుంటాయా తమ్మీ అని అడిగాను. వాడు నవ్వాడు. నేను నవ్వించడానికి అడగలేదు. జోకులేసేవాడికి ఇదొక శాపం. మండిపడ్డప్పుడు కూడా ఎదుటివాళ్ళు చప్పట్లు కొడతారు.

మగవాళ్ళ వైపు మంచి బూట్లు వరుసగా ఉన్నాయి. పట్టున్న అడుగు, గట్టి ముక్కు, ఎత్తైన మెడ. కానీ వాళ్ళ సైజులు మొదలయ్యే చోటికి రాకముందే ఆమె కాలు అయిపోయింది. అయితే పైన కిడ్స్ సెక్షన్ చూడండి సార్ అన్నాడు. చూశాం. అబ్బాయిల బూటు ఒకటి సైజుకు దగ్గరగా ఉంది. అడుగు వేస్తే మడమలో ఎర్రలైటు వెలుగుతోంది. అడవిలో తప్పిపోతే దొరుకుతవులే అన్నాను. ఆమె నవ్వలేదు. ఇద్దరు పిల్లల్ని పెంచి పెద్దచేసిన మనిషి, పిల్లల స్టూలు మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని, ఆ లైటును చూస్తూ ఉండిపోయింది.

ఇంకో రెండు దుకాణాలు తిరిగాం. అన్నిచోట్లా అదే గులాబీ రంగు, అదే సార్ సార్. ఒకచోట ఎలాగో చిన్న సైజు జత దొరికితే, తొడుక్కుని బయట నాలుగడుగులు వేసి చూస్తానంది. కార్పెట్ మీదనే నడవాలమ్మా అన్నారు. ఆ కార్పెట్ నేను కుట్టే సీటంత ఉంది. మూడు రోజులు రాళ్ళ మీద నడిచే బూటుకు పరీక్ష అదట. అటు తిరిగితే అయిపోయింది, ఇటు తిరిగితే అయిపోయింది. ఆమె దాని మీద బొంగరంలా తిరిగి విప్పేసింది.

అప్పుడు నేను తెలివి ప్రదర్శించాను. ఫోన్‌లో వెతికితే ఆడవాళ్ళ బూట్లు దొరికాయి. కొనే ముందు మడమ నుంచి వేలి కొస దాకా కాలిని కొలిచి, సెంటీమీటర్లలో చూసుకోండని ఒక పట్టిక. ఇంట్లో స్కేలు కనపడలేదు. చేతికి ఏది దొరికిందో చెప్పాలంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. చీపురులోంచి పుల్ల పీకాను. ఆమె పాదం పక్కన పెట్టి విరిచి, దుకాణంలో టేపు మీద పెట్టి, పట్టికలో చూసి, ఆర్డరు నొక్కేశాను. అప్పుడు కూడా నాకు మా నాన్న గుర్తుకు రాలేదు.

బూట్లు వచ్చాయి. ముదురు గోధుమ రంగు, ఆమె లేకపోయినా వాటంతట అవే గుట్టెక్కేట్టున్నాయి. పొడవు సరిగ్గా సరిపోయింది. ఆదివారం బృందంతో పాటు పక్క గుట్టకు పోయింది, నేనూ వెంట వెళ్ళాను. ఎక్కేటప్పుడు బాగానే ఉంది. దిగేటప్పుడు కుంటడం మొదలుపెట్టింది. కింద టీకొట్టు దగ్గర బండ మీద కూర్చుని విప్పితే, బొటనవేలి గోరు నీలంగా మారి ఉంది. చిటికెనవేలి తోలు ఊడింది. దిగుడులో పాదం ముందుకు జారి వేళ్ళు బూటు ముక్కుకు గుద్దుకున్నాయి. ముందువైపు వెడల్పు ఆమె వేళ్ళకు చాలలేదు. ఏ పట్టికా వెడల్పు అడగలేదు.

నా నోరు ఊరుకోదు కదా. "వాడంగ వాడంగ సాగుతదిలే" అన్నాను.

ఆమె తలెత్తి నన్ను చూసింది. "మీ నాయిన మాట నీ నోట్లకెల్లి అస్తాంది" అంది. తర్వాత, పక్కన టీ తాగేవాళ్ళు వింటారని కూడా చూడకుండా, "కాలు నాది. అందరు నిన్నడుగుతాండ్రు. నువ్వు పుల్లనడిగినవ్. నన్నెవలన్న అడిగిండ్రా?" అంది.

నేను వంగి ఆ బూట్లు రెండూ చేతిలోకి తీసుకున్నాను.

మర్నాడు పెద్దసారు ఫోన్ చేశాడు. ఎవరికి? నాకు. మేడం కుంటడం చూశానని, ఈసారికి ఆగమనండని, వచ్చే ఏడు చూద్దామని, పేరు తీసేస్తున్నానని చెప్పాడు. ఆమె నడకలోంచి ఆమె పేరు తీసేయడానికి నా అనుమతి! సీటు మార్చాలా వద్దా అని ఎప్పుడైనా నేను బండి ఓనర్‌ను వదిలేసి పక్కింటాయన్ను అడిగానా? కాళ్ళు ఇక్కడే ఉన్నాయి సారూ, వాటితోనే మాట్లాడండి అని ఫోన్ ఆమె చేతికిచ్చాను. ఆమె ఎక్కువ మాట్లాడలేదు. గోరు తగ్గుతుందని, బయలుదేరే నాటికి సరైన బూట్లతో వస్తానని, అప్పటిదాకా పేరు కొట్టేయొద్దని చెప్పి పెట్టేసింది.

దారి కూడా ఆమే కనిపెట్టింది. గ్రౌండులో పొద్దున పరుగెత్తడానికి వచ్చే ఆడ కానిస్టేబుళ్ళు ఉంటారు. వాళ్ళవీ ఆడకాళ్ళే, వాళ్ళకీ బూట్లు ఉంటాయి. ఇంత చిన్న సంగతి అన్ని షోరూములు తిరిగిన నాకు తట్టలేదు. ఒక అమ్మాయిని ఆపి, ఎక్కడ కొన్నావు బిడ్డా అని అడిగిందట. ఆ అమ్మాయి యూనిఫాం సామాన్లు అమ్మే దుకాణం గుర్తులు చెప్పి, సాయంత్రం పొమ్మందట. పొద్దంతా తిరిగాక పాదం వెడల్పవుతుంది, ఆ పాదానికే కొనాలి. నడిచేటప్పుడు వేసుకునే మందపాటి మేజోళ్ళు వేసుకునే చూడాలి. వేళ్ళు లోపల ఆడాలి, మడమ పైకి లేవకూడదు. గోరు నీలమయ్యాక ఈ మాటలు విన్నందుకు ఆమెకు కోపం వచ్చిందో లేదో తెలియదు. నాకు మాత్రం వచ్చింది. బూట్లమ్మి బతికేవాళ్ళలో ఒక్కడికీ ఇది చెప్పాలనిపించలేదు.

ఆ సాయంత్రం నా పని బండి నడపడం ఒక్కటే. ఖాకీ గుడ్డలు, బెల్టులు, విజిళ్ళు వేలాడే ఇరుకు దుకాణం. గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాయన నన్ను చూసి, సార్ ఏం సైజు అన్నాడు. నేను తలెత్తి ఫ్యాను చూశాను. మళ్ళీ అడిగాడు. మళ్ళీ ఫ్యానే చూశాను. నాకు చెవుడనుకున్నాడో, పిచ్చనుకున్నాడో, చివరికి తప్పనిసరై ఆమె వైపు తిరిగి, నీకేనా అమ్మా అన్నాడు. నాకే అంది.

మొదటి జతలో మడమ లేచింది. పక్కన పెట్టింది. రెండోది ముందు ఇరుకు. అదీ పక్కన పెట్టింది. తర్వాతి జత నల్లగా, మొరటుగా, ముందు వెడల్పుగా ఉంది. తొడుక్కుని లేచి నిలబడి, లోపల వేళ్ళు ఆడించి చూసుకుంది. తర్వాత గోడౌనుకు పోయే మెట్లు చూపించి, ఎక్కి దిగుతానంది.

"మట్టంటితే మల్ల ఎవలు కొంటరమ్మా" అన్నాడు ఆయన.

"ఎక్కనియ్యకపోతే నేను కొన" అంది ఆమె.

ఎక్కింది, దిగింది. దిగేటప్పుడు కావాలనే బరువంతా ముందుకు వేసి, వేళ్ళు ముక్కుకు తగులుతున్నాయేమో చూసుకుంది. మళ్ళీ ఎక్కింది. దుకాణదారుడు సాయం కోసం నా వైపు చూశాడు. నేను ఫ్యాను వైపు చూశాను. చివరికి కిందికొచ్చి, ఒక బూటు విప్పి నా చేతిలో పెట్టి, కుట్టు ఎట్లున్నది అని ఒక్క మాట అడిగింది. అడుగు చుట్టూ దారంతో కుట్టిన బూటు, జిగురుతో అంటించింది కాదు. మంచిగుంది అన్నాను. అన్ని రోజుల్లో నన్ను అడగాల్సిన మాట అదొక్కటే.

కొత్త బూటును ముందు ఇంటి దగ్గర వాడి మెత్తపరచాలని ఎక్కడ చూసినా రాసుంది. రాసినవాళ్ళు బూట్లతో వంటింట్లో తిరుగుతారేమో! మా ఇంట్లో చెప్పులు గడప దాటవు. అందుకని ఆమె రోజూ సాయంత్రం బయటి మెట్ల మీద నుంచే డాబా ఎక్కి గుండ్రంగా తిరిగేది. ధన్ ధన్‌మని చప్పుడు. కింది పోర్షన్ ఆయన నన్ను ఆపి, పైన పోలీసులు తిరుగుతున్నారా అని మెల్లగా అడిగాడు. అవునన్నాను.

బయలుదేరే రోజు బస్సు దగ్గర పెద్దసారు ఆమె కాళ్ళ వైపు వంగి చూశాడు. "ఇవి ట్రెక్కింగ్ బూట్లు కావు కదమ్మా. పోలీసుల బూట్లు."

"గుట్టకు తెల్వది సారూ. మీరు చెప్పకుండ్రి" అంది.

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన విజిల్ నోట్లో పెట్టుకుని, తీసి, బస్సెక్కమన్నట్టు చెయ్యి ఊపాడు. ఆమె ఎక్కింది. నాకు చెయ్యి ఊపిందో లేదో అద్దంలోంచి కనిపించలేదు.

మూడు రోజుల తర్వాత ఎర్రమట్టితో తిరిగొచ్చి, వాకిట్లో కూర్చుని బూట్లు విప్పింది. నేను అడగకముందే కాళ్ళు ముందుకు చాపింది. పాత గోరు నీలం తప్ప కొత్త దెబ్బ ఒక్కటీ లేదు. ఆ పాదాల్ని అంతసేపు నేను ఎప్పుడూ చూడలేదు. ముందు ఎంత వెడల్పో! బొటనవేలి పక్కన ఎముక బయటికి పొడుచుకొచ్చి ఉంది. అమ్మకూ అట్లాగే ఉండేది. ఇరుకు చెప్పుల్లో ఏళ్ళ తరబడి సాగింది చెప్పు కాదు, కాలు. ఇది నాన్నతో చెప్పడానికి ఆయన లేడు. పోట్లాడటానికి షోరూములున్నాయి. అప్పుడప్పుడు లోపలికి పోయి, ఆడవాళ్ళ గుట్టబూట్లు వచ్చాయా అని అడిగి వస్తుంటాను. గులాబీ రంగుది చూపిస్తారు. దోసె మడిచి ఇచ్చేసి వస్తాను.

ఈ సంగతి కేసముద్రంలో ఉన్న మా మరదలి దాకా పోయింది. అక్క ఫొటోలు చూసినట్టుంది. ఒకరోజు ఫోన్ చేస్తే మా ఆవిడ స్పీకర్ పెట్టి కూరగాయలు కోస్తోంది. తనకూ అవే బూట్లు కావాలని, వాళ్ళాయన ఎల్లుండి రైలుబండికి వరంగల్ వస్తున్నాడని, ఆయన చేతికి చీపురుపుల్ల విరిచి ఇస్తానని ఆమె చెబుతోంది.

మా ఆవిడ కత్తిపీట మీద చెయ్యి ఆపింది.

"పుల్లొద్దు చెల్లె" అంది. "కాళ్ళు తీస్కొని నువ్వే రా. పొద్దున బండికి కాదు, పొద్దుమూకె బండికి రా."