లాంగ్ బెల్లూ, హిందీ మేడం గొడుగూ

మా సర్కారు బడి గేటు తీస్తే ఎదురుగా నాంపల్లి రోడ్డు. ఒక పక్క స్టేషన్ నుంచి వచ్చే ఆటోలు, ఇంకో పక్క అబిడ్స్ వెళ్లే బస్సులు, మధ్యలో ఎవరి మాటా వినని బైకులు. సాయంత్రం బస్సెక్కాలంటే పిల్లలు ఈ రోడ్డు దాటాలి. బడికో భద్రతా ఇన్‌చార్జి ఉండాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. స్టాఫ్ మీటింగులో హెడ్మాస్టరు గారు ఆ సంగతి చెబుతుంటే నేను కిటికీలోంచి రోడ్డు చూస్తున్నాను. ఆయన దాన్ని ఆసక్తి అనుకున్నారు. అలా సోషల్ చెప్పుకునేవాణ్ణి ఇన్‌చార్జినయ్యాను.

పదవితో పాటు ఒక విజిల్ ఇచ్చారు. మొదటి సాయంత్రం గేటు దగ్గర నిలబడి గట్టిగా ఊదాను. ఒక ఆటో ఆగింది. ఎక్కడికి పోవాలని డ్రైవరు అడిగాడు. పిల్లలు మాత్రం నావైపు చూడలేదు.

వాళ్లు చూస్తున్నది మా హిందీ మేడంను. ఆవిడ ఎండా వానా లేకపోయినా నల్ల గొడుగు విప్పి, తలకు పైన ఎత్తి పట్టుకుని రోడ్డు మీదికి దిగేవారు. వెనకాల పిల్లలు ఒకరి బ్యాగు ఒకరు పట్టుకుని రైలు పెట్టెల్లా కదిలేవారు. బస్సులు ఆగేవి. ఆవిడ ఆపేవారని అనలేను, అవే సిగ్గుపడి ఆగేవి. ఆవిడకు ఏ ఉత్తర్వూ లేదు. నేను బదిలీ మీద ఈ బడికి రాకముందు నుంచీ అదే వరస.

"మేడం, మీకెందుకు శ్రమ? నేనున్నా కదా" అన్నాను ఒకసారి, వీలైనంత తీపిగా.

"ఔ సార్, మీరు గూడ ఉండుండ్రి. ఉంటే మంచిదే గదా" అన్నారు.

ఆ 'గూడ' అన్నంలో రాయిలా తగిలింది. అసూయ అనడం పెద్ద మాట. ఒక రోజు ఆవిడ గొడుగు ఊచ విరిగితే ఆ రోజు టీ రుచిగా అనిపించింది, అంతే.

పేరు తెచ్చుకునే అవకాశం ఫైర్ డ్రిల్ రూపంలో వచ్చింది. చార్టు మీద రంగు పెన్నులతో బడి పటం గీశాను, బాణాలు వేశాను. లాంగ్ బెల్ కొట్టగానే అందరూ గ్రౌండులో వేపచెట్టు కింద చేరాలి. ప్రతి క్లాసుకూ వెళ్లి చదివి వినిపించాను. ఒక్క విషయం నాకు తట్టలేదు. మా పిల్లలకు పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ లాంగ్ బెల్ అంటే ఇల్లే.

మూడో పీరియడ్‌లో గంట మోగింది. బడంతా ఒక్కసారి కేక వేసి, బ్యాగులు భుజానేసుకుని గేటు వైపు పరుగెత్తింది. మధ్యాహ్న భోజనం గుడ్లు తెచ్చిన ఆటో లోపల ఉంది, గేటు బార్లా తీసి ఉంది. నేను విజిల్ ఊదాను. ప్రోత్సాహం అనుకున్నారేమో, ఇంకా వేగంగా పరుగెత్తారు.

ముందున్న ఆరో తరగతి పిల్ల ఒక కాలు గేటు బయట పెట్టింది. ఆ పిల్ల ముందునుంచే బస్సు దూసుకుపోయింది. అంతలో గేటులో గొడుగు విచ్చుకుంది.

పిల్లలు ఆగిపోయారు. అలవాటు కొద్దీ చేతులు ముందున్న బ్యాగుల మీదికి వెళ్లాయి. మేడం ఆ పిల్లను లోపలికి లాగి, గ్రౌండు వైపు నడిచారు. వెనకాల బడంతా నడిచింది. అచ్చం నా చార్టులో గీసినట్టే వేపచెట్టు కింద చేరింది.

"ఏంది సార్ గిది? పిల్లలు రోడ్డు మీద వడుతుండె గదా!" అన్నారు హెడ్మాస్టరు గారు.

"సార్‌ది ప్లాన్ మంచిగనే ఉండె. గంటతోనే పరేషాన్ అయింది" అని మేడం నన్ను వెనకేసుకొచ్చారు. తిట్టినా బాగుండేది.

ఆ రోజు అన్నం సగమే తిన్నాను. కళ్లు మూస్తే గేటు బయట ఆ చిన్న కాలే. భయం కొన్నాళ్లకు తగ్గింది. అసూయకు అలాంటి తొందరేమీ లేదు.

తర్వాత ఒక సాయంత్రం మేడం గొడుగు తెచ్చి నా టేబుల్ మీద పెట్టారు.

"రేపు అమ్మను దవాఖానకు తీస్కపోవాలె సార్. పిల్లలను జర మీరే దాటియ్యుండ్రి."

"నా దగ్గర విజిల్ ఉంది మేడం."

"విజిల్ గూడ పట్టుకోండ్రి."

మర్నాడు ముందు విజిలే ఊదాను. పౌరుషం ఉంటుంది కదా. పిల్లలు గేటు దగ్గర గుంపుగా నిలబడి, "మేడం రాలేదా సార్?" అన్నారు. ఇద్దరు ముగ్గురు సొంతంగా దాటడానికి సందు వెతుక్కుంటున్నారు. అది చూసి గొడుగు విప్పాను. బ్యాగుల మీదికి చేతులు వెళ్లాయి. నా ముఖం ఎవరూ చూడలేదు, అందరి కళ్లూ గొడుగు మీదే. రోడ్డు మధ్యకు వచ్చేసరికి వెనక నుంచి ఆ ఆరో తరగతి పిల్ల గొంతు వినిపించింది.

"సార్, ఇంకింత మీదికి పట్టుండ్రి. గట్లైతేనే బస్సోనికి కనవడతది."

ఎత్తి పట్టాను. బస్సు ఆగింది. అందరూ దాటారు.

మేడం తిరిగి వచ్చాక, "మంచిగ దాటిన్రా సార్?" అని అడిగారు. ఫర్వాలేదన్నాను. గొడుగు కోసం చెయ్యి చాచారు.

"ఊచ విరిగింది కదా మేడం, కోఠిలో బాగు చేయించి ఇస్తా. అందాకా నేనే దాటిస్తాను" అన్నాను.

కోఠిలో గొడుగులు బాగుచేసేవాళ్లు ఇప్పుడు ఎక్కడ కూర్చుంటున్నారో నాకు తెలియదు. వెతకలేదు కూడా.