సవరమ్మ అంబలి

సవరమ్మకి కోపమొస్తే కాఫీ తోటలో కోతులు కూడా చప్పుడు చెయ్యవు. ముంచింగిపుట్టు సంతలో ఆవిడతో బేరమాడి గెలిచినవాణ్ణి, ఆ ఊరి బడిలో ఇన్నాళ్లుగా పాఠాలు చెబుతున్న నేను ఒక్కణ్ణీ చూడలేదు. అలాంటి మనిషి పోయిన వానాకాలం చిగుళ్లలోంచి రక్తం కారుతుంటే, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మాటలే మానేసింది. దెబ్బ తగలకుండానే ఒళ్లంతా నల్లటి కమిలిన మచ్చలు. భయమేసి నేనే పట్నం తీసుకెళ్లాను.

రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయంది డాక్టర్ సుజానా. ఎముకల మూలుగలో రక్తాన్ని పుట్టించే కణాలుంటాయట. వాటి ఒంటి మీద కబురందుకునే గ్రాహకాలుంటాయట. తానిచ్చే మాత్ర వాటిని తట్టి, ప్లేట్‌లెట్లు తయారుచెయ్యమని చెబుతుందట.

"పరగడుపున వేసుకోవాలి. పాలు, పెరుగు దగ్గరికి రానివ్వొద్దు" అని మరీమరీ చెప్పింది. పాలు ముట్టే అలవాటే లేని ఇల్లది. సవరమ్మ, ఆవిడ మొగుడు గాసి నవ్వుకుంటూ కొండెక్కారు.

మాత్ర పనిచెయ్యలేదు. రెండోసారి వెళ్తే, ఇలాగే ఉంటే కడుపు కోసి ప్లీహం తీసెయ్యాల్సి వస్తుందంది డాక్టర్. సవరమ్మ బావురుమంది. ఆవిడ ఏడవడం నేను చూడ్డం అదే మొదలు.

"మాత్ర సరిగ్గా వేసుకుంటున్నావా?" అనడిగింది డాక్టర్.

గాసికి చిర్రెత్తింది. "పొద్దున్నే నానే సేతిలో ఎడతన్నానమ్మా. సోడంబలితో మింగుతాది. తిండి మాత్రం ముట్టదు."

"అంబలి తిండి కాదా?"

"అంబలి తిండేటమ్మా!" అన్నారిద్దరూ ఒక్కసారే.

నన్నడిగినా అదే చెప్పేవాణ్ణి. ఈ కొండల్లో తిండంటే అన్నం. అంబలి గుమ్మంలోకొచ్చినవాళ్లకి మంచినీళ్లకి బదులు ఇచ్చేది, తోటకి పోయేముందు కడుపులో పడాల్సింది. దాన్ని తిండి కింద జమకట్టేదెవరు?

డాక్టర్ తల పట్టుకుని నవ్వింది. "పాలలో ఉండే కాల్షియం మీ చోళ్లలో, అదే రాగుల్లో, ఇంకా ఎక్కువ. అది మాత్రని పొట్టలోనే పట్టేసుకుంటుంది, మూలుగ దాకా పోనివ్వదు. పొద్దున్నే ఏం తాగుతారో నేనూ అడగలేదు."

కొత్త కట్టడి పెట్టింది: తెల్లారుతూనే మాత్ర, కాసేపాగి ఉత్త అన్నం, అంబలి మధ్యాహ్నం దాటాకే. సవరమ్మకి అది ప్లీహం తీసినంత పనయింది. అయినా పంతం పట్టింది. మొగుడికి సొరకాయ బుర్రలో అంబలి పోసిచ్చి, తాను అటు చూడకుండా తోటకి పోయేది.

మచ్చలు తగ్గాయి, చిగుళ్లలో రక్తం ఆగింది. ఈసారి పరీక్షలో ప్లేట్‌లెట్లు లేచాయి. కత్తి అక్కర్లేదంది డాక్టర్. మర్నాడు మధ్యాహ్నం ఆ సంతోషంలో నేనూ తోటకి వెళ్లాను. పొలం నుంచి గాసి వచ్చాడు, భుజాన బుర్ర. సవరమ్మ అందుకుని చూస్తే నిండుగా ఉంది.

"ఏటిది? నువ్వు తాగనేదా?"

"ఆ కట్టడి ఎట్టిన్నాటి నుంచీ పొద్దున్న తాగతన్నానేటి? నువ్వు తాగే యేలకే నానూ తాగతన్నాను. నువ్వు తాగకండా నాకెలగ దిగుద్ది?"

సంతలో ఎవరికీ తగ్గని సవరమ్మ డొప్ప నిండా అంబలి వంచి, ముందు మొగుడి చేతికిచ్చింది.