వేడి మీద కొలత

వేడి మీద ఇనుమును కొలవకూడదని ముప్పై ఏళ్లు షెడ్డంతటికీ చెప్పిన మనిషి, తన ఒంటి దగ్గరికి వచ్చేసరికి ఆ మాట ఎలా మరిచిపోయాడు? ఇప్పటికీ అంతుపట్టదు.

లేతు షెడ్డులో ఆయన్ని కొలతల బాబాయి అనేవారు. అప్పుడే చెక్కిన షాఫ్టు మీద ఎవరైనా మైక్రోమీటరు పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టేవాడు. "చల్లారనివ్వరా. వేడి మీద ఇనుము ఉబ్బి అబద్ధం చెబుతుంది."

యాభై రెండో ఏట ఆయన్ని నీరసం పట్టుకుంది. డబుల్ డ్యూటీ చేసి ఇంటికొచ్చి, కంచం ముందే కునికేవాడు. మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవాడు. నాలుగు నెలలు చూసి భార్య తన దిండు ముందుగదిలో వేసుకుంది.

షెడ్డులోని వెల్డరు చెవిలో ఊదాడు. "టెస్టోస్టిరాన్ తగ్గి ఉంటుంది బాబాయ్. మగాడికి అదే పెట్రోలు." డ్యూటీ దిగగానే, సాయంత్రం నాలుగింటికి, తనే ల్యాబుకు తీసుకెళ్లాడు. అంకె ఉండాల్సిన హద్దులో కింది గీతకన్నా కిందికొచ్చింది. వారం తిరక్కుండా, జిమ్ములో తెలిసినవాడి దగ్గర్నుంచి ఇంజెక్షన్ సీసా తెచ్చి చేతిలో పెట్టాడు. "పది రోజుల్లో పెళ్లికొడుకువి!"

బాబాయి సీసాను పనిముట్ల పెట్టెలో దాచాడు. ల్యాబు కాగితం మాత్రం చొక్కా జేబులో మరిచాడు. ఉతకబోతూ భార్య చూసింది.

"ఇంతేనా? ఎవత్తె వలలోనో పడ్డారనుకుని కుమిలిపోయాను," అంది తడి చేతులతో.

"ఆ ఓపికే ఉంటే ఈ బాధెందుకే!"

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. మర్నాడే డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది.

డాక్టరమ్మ కాగితంలో అంకెకన్నా ముందు గంట చూసింది. "రక్తం సాయంత్రం ఇచ్చారేం? ఇది పొద్దున ఎక్కువుండి, పొద్దెక్కేకొద్దీ దిగుతుంది. ముందు రాత్రి పడుకున్నారా?"

"డబుల్ డ్యూటీ కదమ్మా."

"నిద్ర లేకపోయినా దిగుతుంది. ఈ అంకెను నమ్మి సూదులు వేయించుకుంటే ఒళ్లు తన వంతు తయారీ మానుకుంటుంది. రక్తం కూడా చిక్కబడొచ్చు. బాగా నిద్రపోయి, రెండు వేర్వేరు రోజులు పొద్దున్నే పరగడుపున ఇవ్వండి."

"వేడి మీద కొలిచారన్నమాట," అంది భార్య పక్కనుంచి.

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

వారం సెలవు పెట్టి పడుకున్నాడు. రెండు పొద్దుల కొలతలూ కింది గీత దాటాయి, అదీ అంతంతమాత్రమే. "పాతికేళ్లప్పటి అంకె ఇక రాదు. మీకు ముందు కావలసింది నిద్ర. మళ్లీ డబుల్ డ్యూటీ చేస్తే మళ్లీ ఇక్కడికే వస్తారు," అంది డాక్టరమ్మ.

సీసాను వెల్డరుకు తిరిగిచ్చేశాడు. నీరసం పూర్తిగా పోలేదు. పనిలోకి వెళ్లిన రోజు పొద్దున మాత్రం భార్య దిండు లోపలి మంచం మీద కనబడింది.

సాయంత్రం సూపర్‌వైజరు కేకేశాడు. "బాబాయ్, ఈ రాత్రికి కూడా ఉండిపో. నువ్వు కాదంటే ఇంకెవరున్నారు?"

ఇన్నేళ్లూ ఆ మాటకే పడిపోయాడు. పోయేముందు ఒక్కో మెషిను దగ్గరా ఆగి "వస్తానర్రా" అనడం ఆయన అలవాటు. ఆ చుట్టు పూర్తయ్యేలోపే ఎవరో ఒకరు ఇంకో పని అంటగట్టేవారు. ఆగితే ఉండిపోతానని ఆయనకు తెలుసు.

మైక్రోమీటరు తుడిచి పెట్టెలో పెట్టాడు. ఎవరికీ చెప్పకుండా వెనక గేటులోంచి వెళ్లిపోయాడు.