ఫోన్ చేసే ఆమె

నా కూతురు రాయచోటిలో మా అక్క ఇంట్లో ఉండి ఇంటర్ చదువుతోంది. నేను ఇక్కడ కువైట్‌లో, రుమైథియా అనే చోట ఒక కువైటీ ఇంట్లో వంట చేస్తాను. నా చదువు ఐదో తరగతితో ఆగింది గాని, చెవినబడ్డ కథ మరిచిపోయే దాన్ని కాదు. నా కూతురు చిన్నదిగా ఉన్నప్పుడు రాత్రిపూట వినమని వాయిస్ మెసేజ్‌లో కథలు చెప్పి పంపేదాన్ని. వాటిని వింటూ నిద్రపోయేదట.

అందుకేనేమో, కాలేజీలో కథల పోటీకని ఒక ప్రేమకథ రాసి మొదట నాకే చదివి పంపింది. "తప్పులుంటే మొగమాటం లేకుండా చెప్పు మా" అంది. కథ పొడవు కాబట్టి ముక్కలు ముక్కలుగా వాయిస్ మెసేజ్‌లు పంపింది.

ఆ రోజు మా ఇంట్లో దివానియా, అంటే ఇంటాయన స్నేహితులంతా వచ్చి కూర్చునే రోజు. ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి, ద్రాక్షాకుల్లో అన్నం చుడుతూ విన్నాను. ఇంటామెను మేము మామా అంటాం; ఆమె "యల్లా, చాయ్!" అని కేకేసి తొందరపెట్టినప్పుడల్లా ఆపి, గ్లాసులు అందించి వచ్చి, ఇక్కడే ఆపాను అనుకున్న చోటు నుంచి మళ్ళీ విన్నాను. ఇక్కడ మేము ఏది విన్నా అంతే. చేతులు పనిలో, చెవి ఫోన్లో.

పనంతా తీరాక ఫోన్ చేశాను.

"కథ బాగుండాది గాని, మన రాయచోటిలో ఇన్ని వానలు ఎప్పుడు పడినాయే? ఆ పిల్లోడు కనపడితే చాలు, వాన!"

అది పడీ పడీ నవ్వింది. "ఇంకా?"

"వాడు నీ కండ్లు చేపల మాదిరుండాయి అంటాడా? పదిహేడేండ్ల నాకొడుక్కి అంత నోరెక్కడిది? రికార్డు బుక్కు ఒకసారి ఇస్తావా అని అడుగుతాడు. వాళ్ళింట్లో వాడి రికార్డు అప్పటికే రాసేసి ఉంటాడు."

"నీకెట్లా తెలుసు మా?"

"మేమేమన్నా ముసలోళ్ళంగానే పుట్టినామా?"

అట్లా నవ్వుకుంటూనే ఇంకో మాట అన్నాను. శుక్రవారం శుక్రవారం ఒకామె ఆ పిల్లకు ఫోన్ చేస్తుంది కథలో. తిన్నావా, చదువుకుంటున్నావా, ఫీజు కట్టినావా అని అడిగి పెట్టేస్తుంది. ఎవరో అత్తో పిన్నమ్మో అనుకున్నాను. "ఆ ఫోన్ చేసే ఆమె ఎందుకే నీ కథలో? కథలో కాలు పెట్టినోళ్ళు ఏదో ఒక పని చేసి పోవాల. కుక్క వచ్చినా మొరిగి పోవాల. ఆమెను తీసేయ్, కథ నడుస్తుంది" అన్నాను.

 "సరే మా" అంది.

తిరగరాసి మళ్ళీ పంపింది. ఈసారి ఏ పనీ పెట్టుకోకుండా గదిలో తలుపేసుకుని విన్నాను. వానలు పోయాయి. పిల్లోడు రికార్డు బుక్కు అడిగాడు. ముచ్చటేసింది. అయితే కథ మొదట్లోనే ఆ పిల్ల తల్లి చనిపోయి ఉంది.

"తల్లిని ఎందుకు చంపినావే?"

"తీసేయమన్నావు కదా."

"తల్లిని తీసేయమని నేనెప్పుడన్నా?"

"ఫోన్ చేసే ఆమెను తీసేయమన్నావు. ఆమే కదమ్మా వాళ్ళమ్మ. కువైట్‌లో ఉంటుంది."

ఫోన్లో పాత మెసేజ్‌లు వెనక్కి జరిపి చూస్తే, చాయ్ గ్లాసుల మధ్య ఒక ముక్క వినకుండా దాటేసి ఉన్నాను. అందులో ఉంది ఆమె ఎవరో. ఆ పిల్లకు అమ్మ గొంతు తెలుసుగాని అమ్మ చేతి ముద్ద ఎట్లుంటుందో తెలియదని కూడా ఉంది.

"వినలేదు బంగారూ, పనిలో పడి."

"తెలుసు మా. వినింటే మెసేజ్ పక్కన మైకు బొమ్మ రంగు మారతాది. మారలేదు."

తెలిసీ అడగలేదు. అదే నన్ను ఎక్కువ కోసింది.

"మళ్ళీ పెట్టెయ్ ఆమెను" అన్నాను.

"పెడతా. ఏం పని చేయించమంటావు?"

"ఆ పిల్లోడు మాట తప్పినప్పుడు ఆ పిల్ల ఏడుస్తుంది కదా, అప్పుడు దగ్గర కూచోబెట్టుకుని తల నిమరనీ."

"కువైట్ నుంచా?"

"వస్తుందిలే, సెలవు పెట్టి."

"పెద్దమ్మకు ఆపరేషన్ అయినప్పుడు నీకు సెలవియ్యలేదు కదా. ఆ పిల్ల ఏడ్చిందంటే వాళ్ళ మామా ఇస్తుందా? చదివేవాళ్ళు నమ్మాల కదమ్మా."

అది దెప్పలేదు. కథ గురించే అడిగింది. ఇన్ని కథలు చెప్పిన నాకు, ఆ తల్లి చేతికి ఇయ్యడానికి ఒక్క పని దొరకలేదు. ఏం చేయించినా కువైట్ నుంచి మాటే వెళ్తుంది, మనిషి వెళ్ళదు.

"ఆమె లేకుండా అట్లనే పంపు" అన్నాను.

దాని కథకు మొదటి బహుమతి వచ్చింది. స్టేజీ మీద చదివించారట. తల్లి పోయిన చోట ఆడపిల్లలు కండ్లు తుడుచుకున్నారని చెప్పింది.

"కిందికి దిగినాక అందరూ చుట్టుకున్నారు మా. నీకు నిజంగానే అమ్మ లేదా అని అడిగినారు."

"నువ్వేమన్నావు?"

"ఏమనలేదు."

 దానికి కావాల్సింది కథ ఎట్లుందన్న మాట. నేను ఇవ్వగలిగిందీ అదే.

"నిజమా అని అడిగినారంటే కథ బాగా కుదిరినట్టే" అన్నాను.