మేమే రాసిచ్చిన పగుళ్లు

కామాటిపురలో గదికో సంసారం ఉండే మా పాత చాల్‌కు మరమ్మతు చేయించాలని ఫుట్‌పాత్ మీద ధర్నాకు కూర్చున్నప్పుడు అర్జీ రాసింది నేను, పగుళ్లు చెప్పింది మా నాన్న. తాతల నాటి నుంచి మేస్త్రీలం. ఊరికే గోడలు బాగాలేవని రాస్తే మాకు నామోషీ. నాన్న తాపీ పిడితో ప్రతి గోడనూ కొట్టి, చెవి ఆనించి విన్నాడు. "ఈడ గుల్లగున్నది, రాస్కో. ఈ దూలం ఇంకో వానకు ఆగదు, రాస్కో" అన్నాడు. పదకొండు కాగితాలు నిండాయి. ఎంత బాగా రాశామో అని పొంగిపోయాను కూడా.

మరమ్మతు రాలేదు, మున్సిపాలిటీ నుంచి నోటీసు వచ్చింది. ఇల్లు కూలేలా ఉందని మీరే రాసిచ్చారు కాబట్టి నెలలోగా ఖాళీ చేయండి అని. మళ్లీ ఎప్పుడు రానిస్తారో అందులో ఒక్క ముక్క లేదు.

ఇప్పుడు అదే ఫుట్‌పాత్ మీద, ఇల్లు గట్టిగానే ఉందని నినాదాలిస్తూ కూర్చున్నాం. నాకు ఒళ్లు మండిపోతోంది. తిడదామంటే ఆ అర్జీలో ఉన్నది నా చేతిరాతే.

నిన్న మున్సిపాలిటీ ఇంజనీరు గోడలు చూడ్డానికి మా గదికి వచ్చాడు. గోడ గట్టిదేనని నాన్న మరాఠీలో చెప్పాడు. కొట్టి చూపించమన్నాడు ఇంజనీరు. నిద్రపోతున్న పసిపిల్లను తట్టినట్టు నాన్న తాపీ పిడితో మెల్లగా తట్టాడు.

ఇంజనీరు మెట్లు దిగగానే, నాన్న నా కూతురి పరుపును ఆ గోడ పక్క నుంచి లాగాడు. మాది పదడుగుల గది. ఎటు జరిపినా ఇంకో గోడ పక్కకే.