ఫరంపేటలో క్లారాకిచ్చిన గది

2023 నవంబరులో క్లారా యానాం వచ్చింది. విదేశాల నుంచి స్వచ్ఛందంగా పనిచేయడానికి వచ్చేవాళ్లకి ఇక్కడ ఇల్లు చూసిపెట్టడం నా ఉద్యోగం. వాళ్లని హోటల్లో పెట్టం, ఊళ్లో ఒక కుటుంబంతో కలిపి ఉంచుతాం. ఆ కుటుంబాన్ని హోస్ట్ ఫ్యామిలీ అంటాం. మామూలుగా తగాదాలు కూరలో కారం దగ్గరో, ఇంటికి ఆలస్యంగా రావడం దగ్గరో మొదలవుతాయి. క్లారా విషయంలో వచ్చిన చిక్కు అలాంటిది కాదు.

ఆమెది బెల్జియం. వృత్తి ఫిజియోథెరపీ, అంటే కీళ్లు పట్టేసినవాళ్ల చేత, పక్షవాతం వచ్చినవాళ్ల చేత వ్యాయామాలు చేయించడం. మూడు నెలలు ఉండటానికి వచ్చింది. ఫరంపేటలో సత్యవతి, రాంబాబుల ఇల్లు చూశాను. రాంబాబు ఆటో నడుపుతాడు. సత్యవతి మస్కట్‌లో ఒకరింట్లో ఏళ్ల తరబడి పనిచేసి తిరిగొచ్చిన మనిషి. ఎవరినైనా పంపే ముందు మేం వెళ్లి ఇల్లు చూసుకోవడాన్ని హోమ్ విజిట్ అంటాం. వచ్చేవాళ్లకి గది విడిగా ఉండాలి, తలుపుకి లోపల గడియ ఉండాలి. ఇది మా నియమం. వాళ్ల తూర్పు గది కొత్తగా సున్నం కొట్టించుకుని, కిటికీకి పరదాతో శుభ్రంగా ఉంది. ఇంట్లో ఎవరెవరుంటారని అడిగితే, తామిద్దరమేననీ, అత్తగారు అగ్రహారంలో కూతురి దగ్గర ఉంటున్నారనీ సత్యవతి చెప్పింది. సరేనని వచ్చేశాను.

మొదటి నెల హాయిగా గడిచింది. సత్యవతి పక్కన పీట వేసుకుని చందువా చేపలు శుభ్రం చేయడం నేర్చుకుంది క్లారా. మాటమాటకీ గోదావరివాళ్లలా “ఆయ్” అనడం కూడా పట్టుబడింది.

ఒక మధ్యాహ్నం మా ఆఫీసుకొచ్చి, తనకి వేరే ఇల్లు చూడమంది. ఎవరైనా ఏమైనా అన్నారా అని అడిగాను. లేదని తల అడ్డంగా ఊపింది. తర్వాత విషయం చెప్పింది.

ఆ ఉదయం ఆరోగ్య కార్యకర్తతో కలిసి అగ్రహారంలో మోకాళ్ల నొప్పులున్న ఒక పెద్దావిడని చూడటానికి వెళ్లిందట. హాల్లో ఒక మూల మంచం మీద ఉందావిడ. వ్యాయామాలు చేయిస్తుంటే, ఎక్కడుంటున్నావమ్మా అని అడిగింది. ఫరంపేటలో ఫలానా వాళ్లింట్లో అని కార్యకర్త చెప్పేసరికి ఆవిడ ముఖం విప్పారిందట. “తూర్పు గదా? కిటికీ గడియ బిగుసుకుపోద్ది. కాస్త పైకెత్తి లాగమని చెప్పు పిల్లకి” అందట. ఆవిడ రాంబాబు తల్లి మహాలక్ష్మి. ఆవిడ మాటల్లో ఫిర్యాదు ఏమీ లేదు. కార్యకర్త మాత్రం ఆ మాట ఇంగ్లీషులో చెబుతూ, అది ఆవిడ గదేనని అర్థమై సగంలో ఆగిపోయిందట.

“నేను పడుకుంటున్నది ఆవిడ గదిలో. నేను వెళ్లిపోతే ఆవిడ ఇంటికొస్తుంది” అంది క్లారా.

సాయంత్రం ఇద్దరం కలిసి ఫరంపేట వెళ్లాం. సంగతి చెబితే సత్యవతి సిగ్గుపడుతుందనుకున్నాను. సిగ్గుపడలేదు గానీ బాగా నొచ్చుకుంది. స్టవ్ ఆపి వచ్చి గుమ్మంలో కూర్చుంది.

“మస్కట్‌లో వంటింట్లో పడుకునేదాన్నండి. దానికి తలుపు లేదండి. రాత్రిపూట ఎవరికి మంచినీళ్లు కావాలన్నా నన్ను దాటుకునే వెళ్లేవారు. దేశం కాని దేశం వచ్చిన పిల్ల నా ఇంట్లో అలాగ ఉండకూడదనుకున్నానండి. మా అత్తగారికి ఈ మాటే చెబితే, మూడు నెల్లేగా అని ఆవిడే బట్టలు సర్దుకున్నారండి.”

తల్లి అక్కడ సరిగా తినడం లేదని చెల్లెలు ఫోన్ చేస్తోందని అప్పుడు రాంబాబు బయటపెట్టాడు. సత్యవతి అతని వైపు తిరిగి, మరి నాకెందుకు చెప్పలేదంది. “నువ్వు ముచ్చటపడి సున్నం కొట్టించావు. ఎలాగ చెప్పను?” అన్నాడు.

సత్యవతి మాటల్ని క్లారాకి ఇంగ్లీషులో చెప్పాను. వంటింటి సంగతి వినగానే క్లారా వెళ్లి గుమ్మంలో సత్యవతి పక్కనే ఇరుక్కుని కూర్చుంది. గదిలో రెండో మంచం పడుతుంది కదా, పెద్దావిడా నేనూ ఇద్దరం ఉంటాం అంది. దానికి మా నియమం అడ్డొస్తుంది. పై ఆఫీసుకి ఫోన్ చేసి, ఆ అమ్మాయే కోరుతోందని వివరిస్తే చివరికి ఒప్పుకున్నారు. సత్యవతిని ఒప్పించడమే కష్టమైంది. ఆ పిల్ల బట్టలు మార్చుకునేటప్పుడూ, వాళ్లమ్మతో ఫోన్లో మాట్లాడుకునేటప్పుడూ గదిలోకి ఎవరూ వెళ్లకూడదని షరతు పెట్టి సరేనంది.

మర్నాడు రాంబాబు తల్లిని ఆటోలో తీసుకొచ్చాడు. ఆవిడ గోడ పట్టుకుంటూ వచ్చి తన మంచం మీద కూర్చుంది. కోడలు ముఖం దించుకుని నిలబడితే, దగ్గరికి పిలిచింది.

“అక్కడ నాకేం లోటు లేదే అమ్మాయ్. నీ ఆడపడుచు బాగానే చూసింది. తెల్లారి లేచాక ఎటు తిరగాలో తెలిసేది కాదు, అంతే.”

ఆ తర్వాత వాళ్లింటికి వెళ్లినప్పుడల్లా మహాలక్ష్మిగారు కాళ్లు చాపుకుని, క్లారా నేర్పినట్టు ఫ్రెంచిలో ఒకటి, రెండు లెక్కపెడుతూ మోకాళ్లు వంచుతుండేవారు. క్లారా వెళ్లిపోయే నాటికి గోడ పట్టుకోకుండా వీధి అరుగు దాకా నడుస్తున్నారు. క్లారాకి బెల్జియం నుంచి వాళ్లమ్మ ఫోన్ వస్తే చాలు, ఎవరూ చెప్పకుండానే లేచి, తలుపు దగ్గరగా వేసి, ఆ అరుగు మీదకొచ్చి కూర్చునేవారు.

నా పనిలో ఇప్పుడొక ప్రశ్న అదనంగా చేరింది. ఏ ఇంటికి వెళ్లినా గది చూశాక, నిన్నటిదాకా ఇక్కడ ఎవరు పడుకునేవారు, రేపటినుంచి ఎక్కడ పడుకుంటారు అని అడుగుతాను. కొందరు నవ్వేసి హాల్లో మంచం చూపిస్తారు. కొందరు మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. అలాంటి ఇంట్లో టీ వద్దనను. అసలు సంగతి చెప్పేదాకా ఇంకాసేపు కూర్చుంటాను.