నేను చెరిపిన వీధి

నా చిన్నప్పుడు ముగ్గంటే నాకు భయం. ఆడపిల్లకి ముగ్గంటే భయమేమిటని మీరు నవ్వుకోవచ్చు. మాది పరవాడ దగ్గర చిన్న పల్లె. ఫ్యాక్టరీ కోసమని అవతలి ఊరిని గొలుసులతో కొలిచి, నేల మీద సున్నంతో గీతలు గీశారు. దాన్నీ మావాళ్ళు ముగ్గు పోయడమనే అనేవారు. ముగ్గు పోసిన కొన్నాళ్ళకి ఆ ఊరు ఊరంతా మూటలు కట్టుకుని బళ్ళెక్కింది. మా మేనత్త అయితే ఇంటి తలుపులు ఊడదీసి బండి మీద వేసుకుని మా గుమ్మం ముందునుంచే వెళ్ళింది. బండి మీద పడుకున్న ఆ తలుపులు చూశాక చాలా రోజులు నాకు అన్నం సయించలేదు.

ఆ ఎండాకాలమే ఒకావిడ మా ఊరొచ్చారు. పల్లెల బాగు కోసం ఢిల్లీలో ఒక పెద్ద సంస్థ ఉందని, అది దేశమంతటా మనుషులకి తర్ఫీదు ఇచ్చి ఊళ్ళకి పంపుతుందని, తానూ అలాగే గోదావరి వైపు నుంచి వచ్చానని చెప్పారు. మేం సేవికమ్మ అనేవాళ్ళం. ఎవరిళ్ళు ఎక్కడున్నాయో, నీళ్ళు ఎంత దూరమో చూసి, బోరింగు ఎక్కడ వేయాలో పైకి రాసి పంపుతానన్నారు. మా వీధి ఊరికి చివర, గట్టుకి అవతల. నిండు చూలాలైన మా అమ్మ బిందెతో ఆ గట్టు ఎక్కి దిగి ఊరి బావికి వెళ్ళేది. అందుకే అందరూ శ్రద్ధగా విన్నారు. చివర్లో ఆవిడ నవ్వుతూ, "రేపు రామాలయం ముందు అందరం కలిసి మీ ఊరికి ముగ్గు పోద్దాం," అన్నారు.

మా మామ్మ, అంటే మా నాన్నగారి తల్లి, చేతిలోని చేట కింద పెట్టేసింది.

"ముగ్గేటమ్మా? అవతలూరికి ముగ్గోసినారు. ఇప్పుడా ఊరేదీ?"

సేవికమ్మ నాలిక కరుచుకున్నారు. అది సున్నం కాదు, బియ్యప్పిండి అన్నారు. మిమ్మల్ని లేపడానికి కాదు, మీరున్నారని చూపించడానికే అన్నారు. పెద్దవాళ్ళు మెల్లగా నమ్మారు. నా చెవిలో మాత్రం మొదటి మాటే మోగుతూ ఉండిపోయింది.

మర్నాడు మధ్యాహ్నానికి ఊరంతా నేల మీద పరుచుకుంది. పిండితో వీధులు, పసుపుతో ఇళ్ళు, బావికి కుంకుమ బొట్టు. అందరూ భోజనాలకి వెళ్ళారు. నేను ఉండిపోయాను. మా ఇల్లు అంత స్పష్టంగా కనబడుతుంటే, ఇక మా తలుపులూ బండెక్కుతాయనిపించింది. సింహాద్రి అప్పన్నని తలుచుకుని, మా ఇంటిని ఎవరికీ కనబడనీయకు స్వామీ అని మొక్కుకుంటూ, పరికిణీ అంచుతో మా వీధి మొత్తం తుడిచేశాను.

అందరూ తిరిగొచ్చాక సేవికమ్మ ఆ ముగ్గుని కాగితం మీదకి ఎక్కించడం మొదలుపెట్టారు. ఇంటింటి వాళ్ళ పేర్లు అడిగి రాసుకుంటున్నారు. గట్టు దగ్గరికి వచ్చేసరికి కలం ఆగింది. అవతల ఖాళీ అయిందేం, ఎవరూ ఉండరా అని అడిగారు.

"ఉన్నారు గానీ, ఆళ్ళకి నీల్లక్కర్లేదంటమ్మా," అన్నాడు ఎవరో బాబాయి. అందరూ నవ్వారు. మామ్మ నవ్వలేదు. పిండీ పసుపూ అంటిన నా పరికిణీ అంచు చూసింది. నేను దాన్ని వెనక్కి దాచుకున్నాను.

మామ్మ నన్ను దగ్గరికి లాక్కుని, నాకు మాత్రమే వినబడేలా అంది. "సెరిపేత్తే దాక్కున్నట్టు కాదే గుంటా. మనం లేనట్టు. మీయమ్మ బిందె మోత్తానే ఉంటాది."

మామ్మ చూపు వెంటే నా పరికిణీ అంచు చూసిన సేవికమ్మకి అప్పుడు అర్థమైంది. కోప్పడలేదు. నా ముందు గొంతుక్కూర్చుని పిండి గిన్నె నా చేతికిచ్చారు. "నువ్వు పెడితేనే రాస్తాను. వద్దంటే ఖాళీగానే పంపుతాను," అన్నారు.

ఆ గిన్నె ఎంత బరువనిపించిందో. ఒకవైపు బండి మీది తలుపులు, ఒకవైపు గట్టు దిగుతున్న అమ్మ. భయం పోయి పెట్టానని చెబితే అబద్ధం. ఏడుస్తూనే పెట్టాను. ఇళ్ళన్నీ వంకరగా వచ్చాయి. ఆవిడ ఆ వంకర ఇళ్ళనే కాగితం మీద వేసుకుని, మా వీధి వాళ్ళ పేర్లు నా చేతనే చెప్పించుకున్నారు.

ఆ తర్వాత ఎన్నో నెలలు జీపు చప్పుడైతే చాలు, పరిగెత్తుకెళ్ళి మా తలుపు పట్టుకునేదాన్ని. ఒకనాడు లారీయే వచ్చింది. తలుపుని వాటేసుకుని కళ్ళు మూసుకున్నాను. వీధి మొదట్లో ఇనుప గొట్టాలు దించుతున్న చప్పుడు. కొన్నాళ్ళకి చంటి తమ్ముణ్ణి మామ్మ చేతికిచ్చి, అమ్మ బోరింగు కొట్టింది. మొదటి బిందె దేవుడి మూలకి వెళ్ళింది.

ఇప్పుడు గాజువాకలో మా అబ్బాయి ఫ్లాట్‌లో ఉంటున్నాను. ఎవరైనా కాగితాలతో వచ్చి ఇంట్లో ఎంతమంది అని అడిగితే, నా చెయ్యి ముందు తలుపు అంచుని పట్టుకుంటుంది. అలా పట్టుకునే, ఒక్కరినీ వదలకుండా అందరి పేర్లూ చెబుతాను.

మా వీధి వాళ్ళందరి పేర్లూ రాసుకున్న ఆవిడ పేరు మాత్రం నేను అడగనేలేదు. పొద్దున్నే గుమ్మం ముందు ముగ్గు వేశాక, పక్కన ఆవిడ కోసం ఒక చుక్క విడిగా పెట్టి దణ్ణం పెట్టుకుంటాను. దాన్ని ఎవరినీ తొక్కనివ్వను.